ఫోటో లేని ముఖాలు

నా గది కింద బేకరీ ఉంది. పొద్దున్న తొమ్మిది దాటాక రెండో వాయి బ్రెడ్డు బయటికి తీస్తారు. ఆ వాసన మెట్లెక్కి, తలుపు సందులోంచి దూరి, నా టేబులు దాకా వచ్చేస్తుంది. నిన్న ఆ వేళకి నేను ఈ నెల చేసిన పనుల ప్రింట్లన్నీ వరసగా పేర్చుకుని, ఫోటోలు తీసి నెట్లో నా పేజీలో పెట్టే పనిలో ఉన్నాను. పిల్లల కథల పుస్తకానికి ఒక అట్ట, భీమిలి రోడ్డులో ఓ కాఫీ షాపు గోడ కోసం గీసిన ఓడలు, ఒక శుభలేఖ మీద స్కూటరెక్కిన పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ వాళ్ళు అడిగిన భద్రతా పోస్టర్లు. ఆ పోస్టర్లలో హెల్మెట్ పెట్టుకున్న పీత ఒకటుంది. ఈ నెల నాకు తిండి పెట్టింది ఆ పీతే కాబట్టి దాన్ని ముందు వరసలో పెట్టాను.

బ్రెడ్డు వాసన తగిలితే ఎవరికైనా ఆకలి వేస్తుంది. నాకు మాత్రం చేతివేళ్ళు బొగ్గు పుల్ల కోసం తడుముకుంటాయి. ఇప్పుడు నేను గీసేదంతా కంప్యూటరుకి తగిలించిన గాజు పలక మీదే, టేబులు మీద బొగ్గన్నదే లేదు. అయినా వేళ్ళకి అలవాటు పోలేదు. నాకు పని నేర్పిన రాజేశ్వరి గారు బొగ్గు గీతలు చెరపడానికి రబ్బరు వాడేవారు కాదు. రోజూ పొద్దున్నే తాజా బన్ను ఒకటి కొనుక్కుని వచ్చేవారు. సగం టీలో ముంచుకుని తినడానికి, సగం బొమ్మ చెరపడానికి. బన్నులోని మెత్తటి భాగాన్ని వేళ్ళతో నలిపి కాగితానికి అద్దితే బొగ్గు పొడి దానికి అంటుకుని వచ్చేస్తుంది, కాగితానికి గాయం కాదు. పనిలో పడితే ఏ సగం దేనికో ఆవిడకి గుర్తుండేది కాదు. మధ్యాహ్నానికి పెదాల చుట్టూ నల్లగా అయి కూర్చునేవారు. నవ్వితే కోపం వచ్చేది, చెప్పకపోతే ఇంకా కోపం వచ్చేది.

ఆవిడ స్టూడియో పూర్ణా మార్కెట్ వెనక సందులో, ట్రంకు పెట్టెలమ్మే కొట్టు పైన ఉండేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం సందు చివరికి వినబడేది. పుట్టింది పద్మనాభం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో. పెళ్ళయ్యాక పట్నం వచ్చి, భర్త ఫోటో స్టూడియోలో పాత ఫోటోలకి మెరుగులు దిద్దుతూ బొమ్మలు నేర్చుకున్నారు. భర్త పోయాక కెమెరా అమ్మేసి బోర్డు, బొగ్గు ఉంచుకున్నారు. ఈ ఊళ్ళో తన అంత బాగా ముఖం గీసేవాళ్ళు లేరని ఆవిడే చెప్పుకునేవారు, ఏ మాత్రం మొహమాటం లేకుండా. ఉంటే చిరునామా ఇవ్వండి, వెళ్ళి నేర్చుకుంటాను అనేవారు. నాకు తెలిసి ఎవరూ ఇవ్వలేదు.

నేను బొమ్మల చదువు పూర్తి చేసి, గాజువాకలో మా ఇంట్లో ఖాళీగా కూర్చుని, మా నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించడానికి తంటాలు పడుతున్న రోజుల్లో ఆవిడ దగ్గర చేరాను. అప్పటికే ఎవరి ఫోటో అయినా కంప్యూటర్లో పెద్దది చేసి, రంగులద్ది, మెడలో దండ కూడా వేసి ఇచ్చేస్తున్నారు. ఇంక ఈవిడ దగ్గరకి ఎవరొస్తారని నా సందేహం. వారం తిరక్కుండానే తెలిసింది. ఫోటో అంటూ ఒక్కటీ లేని మనుషుల వాళ్ళు వస్తారు. అమ్మ పోయింది, నాన్న పోయాడు, గోడ మీద పెట్టుకోవడానికి ముఖం లేదు. అలాంటి వాళ్ళు శ్రీకాకుళం నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. ఉన్న ఫోటోని కంప్యూటరు ఏమైనా చేస్తుంది, లేని ఫోటోని ఏం చేస్తుందని ఆవిడ ధీమా.

మొదట్లో నాకిది కనికట్టులా అనిపించేది. చూడని మనిషిని, ఎవరో చెప్పిన మాటల్ని బట్టి ఎలా గీస్తారు? పద్మనాభం వైపు నుంచి ఒకసారి ఐదుగురు అన్నదమ్ములు తల్లి బొమ్మ కోసం వచ్చారు. ఐదుగురూ ఐదుగురు అమ్మల గురించి చెప్పారు. పెద్దాయన అమ్మ కళ్ళెర్రజేస్తే ఊరు హడలిపోయేది. ఆఖరివాడి అమ్మకి కోపమంటే ఏమిటో తెలియదు. ముక్కు దగ్గరకి వచ్చేసరికి తగువు ముదిరి, ఇద్దరు కుర్చీలు వదిలి లేచారు. రాజేశ్వరి గారు కాసేపు హాయిగా చూసి, మీ అమ్మగారి చెవుల గురించి చెప్పండి అన్నారు. ఐదుగురూ ఒక్కసారి చల్లబడ్డారు. బరువైన బంగారు కమ్మలకి సాగిపోయిన చెవి తమ్మెలు, చిన్నప్పుడు వాటిని పట్టుకునే నిద్రపోయేవాళ్ళమని ఒకడంటే అందరూ అవునన్నారు. ఆవిడ ముందు ఆ చెవి గీశారు. దాని నుంచి దవడకి, దవడ నుంచి గెడ్డానికి వెళ్ళారు. సాయంత్రానికి ముక్కు దగ్గరకి వచ్చేసరికి తగువులాడే వాళ్ళెవరూ లేరు. ఐదుగురూ బోర్డు వెనక చేరి, పొయ్యి దగ్గర అమ్మ చుట్టూ చేరిన పిల్లల్లా నిలబడ్డారు. గొడవ లేని చోట మొదలెట్టాలని ఆ రోజు నేర్చుకున్నాను. చెప్పడం తేలికే, ఏ మనిషిలో ఆ చోటు ఎక్కడుందో పట్టుకోవడం నాకిప్పటికీ గండమే.

ఇంకో రోజు పనేమీ లేక, రాజేశ్వరి గారు నన్ను మా అమ్మ బొమ్మ గీయమన్నారు. మా అమ్మ ఇంట్లో గుండ్రాయిలా ఉంది, ఇందులో పరీక్షేముందని మహా ధైర్యంగా మొదలెట్టాను. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న ముఖం. గీస్తుంటే కుడి కనుబొమ ఎక్కడ ఆగుతుందో తెలియలేదు, పై పెదవి పలచనో మందమో తెలియలేదు. గంట తర్వాత కాగితం మీద టీవీ సీరియల్లో అత్తగారు వచ్చి కూర్చుంది. రాజేశ్వరి గారు తిట్టలేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తున్న అమ్మ ముఖాన్నే చూస్తూ కూర్చుంటే, నా మొకాన ఏటైనా అంటుకుందా అని అమ్మ చెంగుతో తుడుచుకుంది. తుడుచుకున్నప్పుడు కుడి కనుబొమ ఎక్కడ ఆగుతుందో చూశాను. ఆ రోజు నుంచి అమ్మని మరోలా చూడటం మొదలైంది, అది రాజేశ్వరి గారు నాకిచ్చిన జీతం కన్నా ఎక్కువని ఇప్పుడు అనిపిస్తుంది.

కానీ ఆవిడ ఎంతటి మనిషో నాకు పూర్తిగా తెలిసింది నూకాలమ్మ వచ్చినప్పుడు.

జాలారిపేట నుంచి ఎల్లాజీ అనే ఆయన వచ్చాడు. సొంత పడవ మీద చేపల వేటకెళ్ళే మనిషి, నలభై అయిదు దాటి ఉంటాయి. వెంట భార్య, అరవై దాటిన తల్లి నూకాలమ్మ. ఎల్లాజీ తల్లి కడుపులో ఉండగానే తండ్రి పోలయ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ వచ్చింది, అందులో వెళ్ళినవాళ్ళు వచ్చారు, ఆయన మాత్రం రాలేదు. ఫోటో లేదు. ఆయనతో వేటకెళ్ళినవాళ్ళు, అన్నదమ్ములు, ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు నూకాలమ్మకి కంట్లో ఒత్తిడి జబ్బు. చూపు చుట్టూ అంచుల్లోంచి తరిగిపోతూ మధ్యకి వస్తోంది, ఇంకెన్నాళ్ళు ఉంటుందో చెప్పలేమన్నారు డాక్టర్లు.

"మా నాన్న మొకం ఎరిగిన మనిషి ఈ లోకంలో మాయమ్మ ఒకర్తే మిగిలింది మేడం" అన్నాడు ఎల్లాజీ. "ఆవిడికి సూపుండగానే ఆవిడి కళ్ళతో సూసి అవునని సెప్పాల. తరవాతింక అడగడానికి ఎవులున్నారు?"

రాజేశ్వరి గారు వెంటనే బోర్డుకి కాగితం ఎక్కించారు. ఎల్లాజీ చెప్పడం మొదలెట్టాడు. నిండైన మీసం, వెడల్పు నుదురు, మడత పడిన కనుబొమలు, చూస్తే ఎదురు మాట్లాడబుద్ధి కాని పెద్దరికం. తనే చూసినట్టు చెప్పాడు. నూకాలమ్మని అడిగితే ఆఁ అలగే అనేది, తల దించుకుని చీర అంచు మడతలు పెడుతూ కూర్చునేది. కోడలు నీళ్ళిస్తే తాగింది. సాయంత్రానికి బొమ్మ తయారైంది. ఏం బొమ్మ అది! ఆ కళ్ళు మనల్ని లెక్క అడుగుతున్నట్టుండేవి. ఎల్లాజీ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. నూకాలమ్మ దగ్గరగా వచ్చి, ముఖాన్ని అటూ ఇటూ కదుపుతూ, తనకి మిగిలిన ఆ కాస్త చూపుతో ముక్క ముక్కగా చూసింది. బాగుంది బాబూ అంది. వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

ఎల్లాజీ బొమ్మ చుట్టించమన్నాడు. రాజేశ్వరి గారు ఇవ్వనన్నారు. ఇంకా అవ్వలేదు, ఎల్లుండి అమ్మని తీసుకురా అన్నారు. ఆయనకి మండుకొచ్చింది. అమ్మే బాగుందంది, ఇంకేటి కావాల, వేట మానుకుని తిరగమంటారా అని గట్టిగానే అడిగాడు. అమ్మకి వయసై మతిమరుపు వచ్చింది, ఈ మాత్రం చెప్పడమే ఎక్కువ అన్నాడు. నాకూ ఆవిడ మొండిపట్టు అర్థం కాలేదు. నేను అప్పటి వరకూ చూసిన బొమ్మల్లో అంత గొప్పది లేదు, దాన్ని ఆవిడ గోడకి తిప్పి పెట్టేశారు. వాళ్ళు దిగి వెళ్ళాక అడిగాను, ఏం తక్కువైందని.

"మొగుడి మొకం ఇన్నాళ్ళకి సూసిన ఆడది బాగుందంటాదేటే?" అన్నారు. "సినిమా బొమ్మ సూసి అంటాం బాగుందని. ఆవిడికి ఈ మడిసెవులో తెల్దు."

చెప్పిన రోజుకి వాళ్ళు వచ్చారు. ఈసారి రాజేశ్వరి గారు ఎల్లాజీనీ కోడలినీ పైకి రానివ్వలేదు. మెట్ల దగ్గరే ఆపి, కింద టీ తాగండి, పిలిచే వరకు రావొద్దన్నారు. తలుపు వేశారు. లోపల ఆవిడ, నూకాలమ్మ, బొగ్గు పుల్లలు అందించడానికి నేను. పనిలో ఉన్నట్టు కాక, ఎదురింటి అరుగు మీద కబుర్లకి కూర్చున్నట్టు ఆవిడ నేల మీద చతికిలబడి, నూకాలమ్మని సొంత అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచి మాటల్లోకి దింపాలని చూశారు. నూకాలమ్మ మాత్రం చిక్కలేదు. మీసం ఎలా ఉండేదంటే మా ఓడు సెప్పాడు కదా అంది. కళ్ళంటే మా ఓడు సెప్పాడు కదా అంది.

అప్పుడు రాజేశ్వరి గారు ఏమీ అడగడం మానేసి, తన భర్త గురించి చెప్పారు. ఆయనకి ముందు పళ్ళు రెండూ ఎత్తు, అందుకని నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారట. ఊరందరి ఫోటోలూ తీసి, తనది తీయించుకోవడానికి మాత్రం ఒప్పుకునేవారు కాదట. "నాకేమో ఆ పళ్ళే ఇష్టం" అన్నారు. "ఆ మాట ఆయనకీ సెప్పలేదు, ఎవులికీ సెప్పలేదు. పిల్లల కాడ ఎలగ సెప్తాం అప్పా."

నూకాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని నాకు కాసేపటికి గాని తెలియలేదు.

అప్పుడు నాకు అంతా వెలిగింది. నూకాలమ్మకి మతిమరుపూ లేదు, పాడూ లేదు. ఎదిగిన కొడుకూ కోడలూ ఎదురుగా కూర్చుని మీ ఆయన ఎలా ఉండేవాడో చెప్పమంటే, ఏ ఆడమనిషి చెబుతుంది? ఆయన పేరే ఆవిడ నోటితో ఎన్నడూ పలకలేదు. అందంగా ఉండేవాడని ఎలా అంటుంది? సిగ్గుతో తల దించుకుంటే, కొడుకు మరిచిపోయిందనుకున్నాడు. రాజేశ్వరి గారు బాగుందన్న ఆ ఒక్క మాటతో, చెప్పేటప్పుడు తల ఎత్తని తీరుతో అది పట్టేశారు. తర్వాత ఆవిడ మీద నాకు కలిగింది గౌరవం అనే మాటకి సరిపోదు, కొంచెం భయం కూడా కలిగింది.

"మీసం లేదమ్మా" అంది నూకాలమ్మ, గొంతు బాగా తగ్గించి. "ఇంకా సరిగ్గా రానేలేదు. వొస్తాది వొస్తాదని అద్దంలో సూసుకునీవోడు."

రాజేశ్వరి గారు లేచి, గోడకి తిప్పిన బోర్డు ఇటు తిప్పి, బన్ను ముద్ద తీసుకున్నారు. మీసం పోయింది. నుదుటి మీద మడతలు లేవంది నూకాలమ్మ, అవి పోయాయి. బుగ్గలు ఇంకా పిల్లబుగ్గలే అంది. దవడ కరుకుదనం పోయింది. ఒక కనుబొమ మధ్యలో తాడు కోసుకుని గాటు, అక్కడ వెంట్రుకలు మొలవలేదట. రేవులో పడవ ఒడ్డుకి లాగుతూ, ఆడవాళ్ళ గుంపులో ఆవిడ ఎక్కడుందో వెతుక్కోవడానికి గెడ్డం పైకెత్తేవాడట. కనిపించగానే చూడనట్టు తల తిప్పేసుకునేవాడట. అలా తిప్పేసుకునే ముందు ఎలా ఉండేవాడో అడిగారు రాజేశ్వరి గారు. నూకాలమ్మ తన గెడ్డమే కొంచెం పైకెత్తి చూపించింది. చెవులు మాత్రం రాజేశ్వరి గారు ఏమీ అడగకుండానే ఎల్లాజీవి గీశారు, మొదటి రోజే చూసి పెట్టుకున్నారు. నా కళ్ళ ముందు ఆ పెద్దమనిషి వయసు ఏళ్ళకేళ్ళు రాలిపోయి, కింద నుంచి ఒక కుర్రాడు పైకి వస్తున్నాడు. నేను బొగ్గు పుల్లలు అందించడం మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆ కుర్రాడికి ఇరవై దాటాయో లేదో.

బోర్డు కిటికీ దగ్గర వెలుతురులోకి జరిపారు. నూకాలమ్మ దగ్గరకి వచ్చింది. మొన్నటిలాగే ముఖం అటూ ఇటూ కదుపుతూ చూడటం మొదలెట్టింది, కనుబొమ గాటు దగ్గర ఆగిపోయింది. బాగుందనలేదు. మా ఇద్దరి వంకా చూడలేదు. రెండు చేతులతో చెంగు తీసి, నెరిసిన జుట్టు కనిపించకుండా తల నిండా కప్పుకుంది.

"అలగ సూడకు" అంది బొమ్మతో. "ముసిల్దాన్నయిపోనాను."

రాజేశ్వరి గారు చేతిలో బొగ్గు పుల్ల కింద పెట్టేశారు. ఇంక ఆ బొమ్మని ముట్టుకోలేదు.

ఎల్లాజీని పిలవడానికి నేనే కిందికి వెళ్ళాను. పైకి వచ్చి, బొమ్మ చూసి, ఇదెవరని అడగబోయి, తలకి చెంగు కప్పుకుని నిలబడ్డ తల్లిని చూసి ఆగిపోయాడు. ఆయన కొడుక్కి ఆ వయసే. జన్మంతా తండ్రి అంటే తనకన్నా పెద్దవాడని, మీసాలవాడని, భయపెట్టే మనిషని ఊహించుకున్నవాడు, తనకన్నా సగం వయసు కుర్రాడి ముందు నిలబడ్డాడు.

"కుర్రోడు కదమ్మా" అన్నాడు చివరికి.

"కుర్రోడేరా" అంది నూకాలమ్మ.

ఎల్లాజీ కుర్చీలో కూలబడ్డాడు. మనిషికి ఏడుపు ఆగలేదు. మమ్మల్ని ఇలా వదిలేసి గాలివానలో వేటకెందుకెళ్ళాడని ఇన్నేళ్ళూ తండ్రి మీద లోలోపల కోపం పెట్టుకున్నానని చెప్పాడు. తల్లి చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంటే చూసినప్పుడల్లా ఆ కోపం పెరిగిందట. "ఇంత సిన్నోడని తెల్దు మేడం. ఈ వయసుకి మా ఓడికేటి తెల్సు, ఆయనకేటి తెల్సుంటాది" అన్నాడు. నూకాలమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసి నిమురుతూ నిలబడింది, కళ్ళు మాత్రం కిటికీ దగ్గరున్న బొమ్మ వైపే ఉన్నాయి.

వాళ్ళు చుట్టించుకునే లోపల ఫోన్లో ఒక ఫోటో తీసుకుంటానన్నాను. స్టూడియోలో పెట్టుకుంటే పదిమందికీ తెలుస్తుంది కదా అని. రాజేశ్వరి గారు నా చెయ్యి పక్కకి తోసేశారు. తన పేరు కూడా కింద రాయలేదు. నూకాలమ్మ మొగుడు ఆవిడింటికి ఎల్తన్నాడు, మనకేటి పని అన్నారు. అప్పటికి సాయంత్రమైంది. రాజేశ్వరి గారి పెదాల చుట్టూ నల్లగా ఉంది. నవ్వాలనిపించలేదు, వంగి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు, పెడితే తిట్టేవారు.

రాజేశ్వరి గారు పోయి కొన్నేళ్ళయింది. నా పేజీ చూసేవాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతుంటారు, మనుషుల ముఖాలు గీస్తానని రాసుకున్నారు, ఒక్కటీ కనబడదేం అని. ఫోటో లేని ముఖాలు ఏడాదికి రెండో మూడో నా దగ్గరకీ వస్తాయి. గీసినవి గీసినట్టే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళిపోతాయి. పీతలూ ఓడలూ పేజీలో మిగులుతాయి. ముఖం గీయడానికి కూర్చునే ముందు, గదిలోంచి ఎవరిని బయటికి పంపాలో చూసుకుంటాను. చెప్పేవాళ్ళ నోరు పెగలకపోతే నా గురించి ఏదో ఒకటి ముందు నేనే చెబుతాను, మా అమ్మకి కూడా చెప్పనిది. చివర్లో వాళ్ళు చాలా బాగుందమ్మా అంటే మర్నాడు మళ్ళీ రమ్మంటాను.

మొన్నామధ్య చేపల రేవుకి వెళ్ళినప్పుడు ఎల్లాజీ కనిపించాడు. బాగా నెరిశాడు. అమ్మకి చూపు పూర్తిగా పోయిందని, ఇంట్లో గోడలు పట్టుకుని తిరుగుతోందని చెప్పాడు. అయినా ఆ బొమ్మ ఉన్న గోడ కాడకొస్తే తల మీద చెంగు కప్పుకోకుండా దాటదు మేడం, అన్నాడు.

బేరం ఆడిన చేపలు అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. కళ్ళు పోయినా ఎదురుగా మనిషి ఉన్నాడనిపించే బొమ్మ నేనింకా ఒక్కటీ గీయలేదు. పొద్దున్నే లేచి పనికి కూర్చుంటున్నది దాని కోసమే.